పేగు, కీమోథెరపీ, కీటకసారాలు: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

కాన్సర్ మందుల వల్ల దెబ్బతినే పేగు రోగనిరోధకతను కీటకాల నుండి తీసిన సారాలు కాపాడగలవా అన్న ప్రశ్నపై తూర్పు ఆసియాలోను, ఇతర దేశాలలోను పరిశోధనలు సాగుతున్నాయి. వీటిని సాధారణంగా ప్రాచీన వైద్యానికి ఆధునిక ధ్రువీకరణగా పరిచయం చేస్తున్నారు. ఈ పరిశోధనల వెనుక వేర్వేరుగా నడచిన మూడు చరిత్రలున్నాయని, అవి ఇటీవలి కాలంలోనే ఒకచోట కలిశాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అందులో యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనకు గల స్థానాన్ని ప్రత్యేకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కీమోథెరపీ, పేగు రోగనిరోధకత, సంగ్రహణి, యల్లాప్రగడ సుబ్బారావు, సెక్రోపిన్, కీటకసారాలు, ల్యూకోవోరిన్.

ఉపోద్ఘాతం

ఈ రంగంలో వెలువడే ప్రయోగపత్రాలకు దాదాపు స్థిరమైన ఒక మూస ఏర్పడింది. ఎలుకలకు సైక్లోఫాస్ఫమైడ్ అనే కాన్సర్ మందును సూదితో ఎక్కిస్తారు. వాటిలో కొన్నింటికి పట్టుపురుగు ప్యూపా నుండో, బొద్దింక నుండో, పేడపురుగుల జాతికి చెందిన డింభకాల నుండో తీసిన సారాన్ని నోటి ద్వారా ఇస్తారు. కొన్ని రోజుల తరువాత పేగు లోపలి చూషకాల ఎత్తు, వాటి మొదళ్లలోని గుంటల లోతు, శ్లేష్మంలోని ఇమ్యునోగ్లోబ్యులిన్-ఎ పరిమాణం, పేగులోని సూక్ష్మజీవుల కూర్పు మొదలైనవాటిని కొలుస్తారు. సారం తీసుకున్న ఎలుకల పేగు మెరుగ్గా ఉందని తేలుస్తారు. పత్రం తొలి పేరాలో మాత్రం తప్పకుండా ఒక వాక్యం ఉంటుంది: ఈ కీటకాన్ని తమ దేశంలో వేల ఏళ్లుగా మందుగా వాడుతున్నారని.

ఆ ఒక్క వాక్యమే ఈ వ్యాసానికి ప్రేరణ. చరిత్రను ఇంత పొదుపుగా వాడుకోవడం వల్ల రెండు నష్టాలున్నాయి. మొదటిది, ప్రాచీనత రుజువుకు ప్రత్యామ్నాయంగా చెలామణి అవుతుంది. రెండవది, ఈ పరిశోధనకు నిజంగా తోడ్పడిన చరిత్ర కనుమరుగవుతుంది. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం భీమవరంలో పుట్టిన తెలుగువాడిది.

సంగ్రహణి నుండి అమినోప్టెరిన్ దాకా

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఆయన జీవితచరిత్రలలో తరచు ప్రస్తావనకు వచ్చే విషాదం, సోదరులిద్దరు కొద్ది రోజుల వ్యవధిలో సంగ్రహణికి బలికావడం. ఇంగ్లీషు వైద్యులు స్ప్రూ అని పిలిచిన ఈ వ్యాధిలో పేగు ఆహారాన్ని పీల్చుకోలేదు. నాలుక పూస్తుంది, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడుతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. సుబ్బారావుకు కూడా ఆ వ్యాధి సోకింది. ఆయనను కాపాడినది మద్రాసులో ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్స. ఆ తరువాత ఆయన ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించి, 1923లో అమెరికాలోని బోస్టన్ చేరుకున్నారు. హార్వర్డులో ఫిస్కేతో కలసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని రూపొందించడం, ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలపై చేసిన పని సుప్రసిద్ధం. ఇక్కడ మనకు కావలసినది ఆయన రెండవ అధ్యాయం. 1940లో ఆయన లెడర్లే ప్రయోగశాలలకు వెళ్లి అక్కడ పరిశోధనకు నాయకత్వం వహించారు.

సంగ్రహణికి మందు వెతకడంలో ఆయనకంటే ముందు నడచినవారున్నారు. 1920ల చివర లూసీ విల్స్ బొంబాయి వచ్చి, మిల్లు కార్మికుల కుటుంబాలలోని గర్భిణులకు వచ్చే తీవ్ర రక్తహీనతను అధ్యయనం చేశారు. ఈస్ట్ సారమైన మార్మైట్ ఇస్తే వారు కోలుకున్నారని 1931లో ప్రకటించారు. ఆ సారంలోని గుణకారి ఏమిటో అప్పటికి తెలియదు. 1941లో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే పరిశోధకులు నాలుగు టన్నుల పాలకూర నుండి ఒక పదార్థాన్ని రాబట్టి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. సుబ్బారావు బృందం కాలేయం నుండి అదే కుటుంబానికి చెందిన పదార్థాన్ని వేరుచేసి, 1945లో ప్రయోగశాలలో తయారుచేయగలిగింది. ఆ వెంటనే టామ్ స్పైస్ వంటి వైద్యులు దానిని సంగ్రహణి రోగులకు ఇచ్చి సత్ఫలితాలు పొందారు. సోదరులను పొట్టన పెట్టుకున్న వ్యాధికి మందు దొరికింది.

కథ అక్కడితో ముగిసి ఉంటే అది కాన్సర్ చరిత్రలోకి వచ్చేది కాదు. ఫోలిక్ ఆమ్లం కణవిభజనకు అత్యవసరం. దాని ఆకృతిని పోలి, దాని పని మాత్రం చేయని నకలును తయారుచేస్తే వేగంగా విభజన చెందే కణాలు ఆకలితో మాడిపోతాయి. సుబ్బారావు విభాగంలో డోరిస్ సీగర్, ఆమె సహచరులు 1947లో ప్రకటించిన అమినోప్టెరిన్ అటువంటి నకలు. బోస్టన్‌లో పిల్లల పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ దానిని లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో వెలువడిన ఆయన పత్రం ప్రకారం, చికిత్స పొందిన 16 మందిలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. అదే పత్రంలో ఆయన ఈ మందు విషపూరితమైనదని హెచ్చరించారు. పిల్లలకు నోటిపూత రావడాన్ని నమోదు చేశారు.

ఈ నోటిపూత దగ్గర చరిత్రకారుడు కాసేపు ఆగాలి. సంగ్రహణిలో నాలుక పూయడానికీ, పేగు చెడిపోవడానికీ ఫోలిక్ ఆమ్ల లోపం దోహదం చేస్తుంది. అమినోప్టెరిన్ అదే లోపాన్ని బుద్ధిపూర్వకంగా సృష్టిస్తుంది. అంటే, పేగును బాగుచేయడానికి మొదలైన అన్వేషణ పేగును చెరచే మందును కనుగొన్నది. ఇది యాదృచ్ఛికం కాదు, ఒకే జీవరసాయన మార్గానికి ఇటూ అటూ ఉన్న రెండు కొసలు. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు సోదర పదార్థమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. నోటిపూత దాని దుష్ప్రభావాల జాబితాలో నేటికీ ఉంది.

సాక్షిగా పేగు

కాన్సర్ మందులు పేగును దెబ్బతీస్తాయన్న సంగతి ఆ మందులకంటే పాతది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆవవాయువు బారినపడి మరణించిన సైనికుల శవపరీక్షల వివరాలను 1919లో ఎడ్వర్డ్, హెలెన్ క్రంబార్ దంపతులు ప్రకటించారు. ఎముక మజ్జ ఎండిపోవడం, శోషరస కణజాలం కరిగిపోవడం, జీర్ణాశయ మార్గంలో పుండ్లు పడడం అందులో నమోదయ్యాయి. 1942లో యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్మన్‌లు ఆ వాయువుకు బంధువైన నైట్రోజన్ మస్టర్డ్‌ను తొలిసారి ఒక లింఫోమా రోగికి ఇచ్చినప్పుడు, వారి దృష్టి ఆ మూడు లక్షణాలలో రెండవదానిపై నిలిచింది. కరిగిపోయేది శోషరస కణజాలమైతే, శోషరస గడ్డలు కూడా కరగాలి కదా! తర్కం సరైనదే. 1958లో జర్మనీలో నార్బర్ట్ బ్రాక్ బృందం వెలుగులోకి తెచ్చిన సైక్లోఫాస్ఫమైడ్ ఈ వంశంలోదే. మూడవ లక్షణమైన పేగుపుండ్లు మాత్రం చాలాకాలం చికిత్సకు చెల్లించే సుంకంగానే మిగిలాయి.

అది ఎందుకు జరుగుతుందో వివరించినది మరొక 1948. ఆ సంవత్సరమే లెబ్లాండ్, స్టీవెన్స్ తెల్ల ఎలుకల పేగును పరిశీలించి, దాని లోపలి పొర నిరంతరం రాలిపోతూ కొత్తగా పుడుతూ ఉంటుందని చూపించారు. గుంటల అడుగున పుట్టిన కణాలు చూషకాల అంచుకు ఎగబాకి కొద్ది రోజులలో రాలిపోతాయి. వేగంగా విభజన చెందే ప్రతిదానినీ శత్రువుగా భావించే మందుకు కాన్సర్ కణానికీ, ఈ గుంటలలోని కణానికీ భేదం తెలియదు.

పేగు కేవలం ఆహారాన్ని పీల్చుకునే గొట్టం కాదన్న గుర్తింపు ఇంకా ఆలస్యంగా వచ్చింది. పేగు గోడలోని శోషరస కణజాలపు మచ్చలను స్విట్జర్లాండ్ వైద్యుడు పేయర్ 1677లోనే వర్ణించినా, అవి రోగనిరోధక వ్యవస్థలో భాగమని స్థిరపడడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసివచ్చింది. 1960లలో టోమాసి తదితరులు శ్లేష్మస్రావాలకు ప్రత్యేకమైన ఇమ్యునోగ్లోబ్యులిన్-ఎ ఉందని నిరూపించారు. 1979లో బెర్గ్, గార్లింగ్టన్ పేగులోని బాక్టీరియా గోడ దాటి సమీప శోషరస గ్రంథులకు చేరడాన్ని ఎలుకలలో ప్రదర్శించారు. కీమోథెరపీ రోగికి జ్వరం వస్తే వైద్యులు ఎందుకు కంగారు పడతారో దీనితో సుబోధకమవుతుంది. రక్తంలో తెల్లకణాలు పడిపోయిన సమయంలోనే పేగుగోడ కూడా బలహీనపడుతుంది. కోట తలుపు ఊడిన రోజునే కావలివాళ్లు కూడా మాయమైనట్లు. 2004లో స్టీఫెన్ సోనిస్ శ్లేష్మపొర దెబ్బతినడాన్ని అయిదు దశల ప్రక్రియగా సూత్రీకరించారు. అదే సంవత్సరం నోటి శ్లేష్మపొరను కాపాడే పాలిఫెర్మిన్ అనే వృద్ధికారకానికి అమెరికాలో అనుమతి లభించింది. అయితే ఆ అనుమతి రక్తకాన్సర్ రోగులలో కొందరికే పరిమితమైంది. మిగిలిన ఖాళీయే కీటకసారాల పరిశోధనకు చోటిచ్చింది.

కీటకం నేర్పిన రోగనిరోధకత

కీటకాలకు మనకున్నటువంటి ప్రతిదేహాలు లేవు. అయినా బాక్టీరియా నిండిన కుళ్లులో బతుకుతాయి. ఎలా? స్వీడన్‌కు చెందిన హాన్స్ బోమన్ ఈ ప్రశ్నను 1970ల నుండి వెంటాడారు. ఆయన ఎంచుకున్న జీవి సెక్రోపియా అనే అమెరికా పట్టుచిలుక. దాని ప్యూపా సుప్తావస్థలో ఉన్నప్పుడు శరీరంలో కొత్త ప్రోటీన్ల తయారీ దాదాపు నిలిచిపోతుంది. ఆ స్థితిలో బాక్టీరియాను ఎక్కిస్తే, ప్రతిగా తయారైన ప్రోటీన్లు మాత్రమే స్పష్టంగా కనిపిస్తాయి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒక్క గొంతు వినిపించినట్లు. 1981లో ఆయన బృందం సెక్రోపిన్ అనే సూక్ష్మజీవనాశక పెప్టైడ్ల నిర్మాణాన్ని ప్రకటించింది. 1996లో ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం పండ్ల ఈగలో టోల్ అనే జన్యువు శిలీంధ్రాల నుండి రక్షణకు అవసరమని చూపింది. ఆ జన్యువుకు బంధువులైన గ్రాహకాలు మనుషులలోనూ ఉన్నాయని తేలడంతో సహజ రోగనిరోధకత అనే విభాగమే మారిపోయింది. 2011 నోబెల్ బహుమతిలో హాఫ్‌మన్‌కు వాటా దక్కింది. క్షీరదాల పేగుపొర తన సమతుల్యతను నిలుపుకోవడానికి ఈ గ్రాహకాలే తోడ్పడతాయని 2004 నాటి ఎలుకల ప్రయోగాలు తెలిపాయి.

ఈ సందర్భంలో ఒక తమాషా సంగతి చెప్పక తప్పదు. 1989లో పంది చిన్నపేగు నుండి కూడా ఒక సెక్రోపిన్ దొరికిందని ప్రకటన వెలువడింది. కీటకానికీ క్షీరదానికీ ఒకే ఆయుధమని శాస్త్రలోకం సంబరపడింది. 2003లో అసలు విషయం బయటపడింది. ఆ పెప్టైడ్ పందిది కాదు, పంది పేగులో కాపురమున్న ఏలికపాముది. ఆ దిద్దుబాటులో బోమన్ కూడా భాగస్వామి కావడం ఆయన శాస్త్రీయ నిజాయితీకి గుర్తు. పేగు నుండి తీసిన సారంలో ఏది ఎవరిదో తేల్చడం ఎంత కష్టమో చెప్పడానికి దీనికి మించిన ఉదాహరణ లేదు. ముడిసారాలతో పనిచేసే నేటి పరిశోధకులు దీనిని గుర్తుంచుకోవాలి. పురుగుసారం అని పిలిచే ద్రవంలో పురుగు ప్రోటీన్లు, కైటిన్, కొవ్వులతో పాటు అది తిన్న మేత, దాని పేగులోని బాక్టీరియా కూడా ఉంటాయి.

సారాన్ని వదలి శుద్ధమైన అణువును పట్టుకున్నవారూ ఉన్నారు. 2002లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు చెందిన చెర్నిష్ బృందం నీలిఈగ డింభకాల నుండి 13 అమైనో ఆమ్లాల అల్లోఫెరాన్‌ను వేరుచేసింది. ఇది సహజ హంతక కణాలను ఉత్తేజపరుస్తుందని వారు ప్రకటించారు. రష్యాలో అది వైరస్ వ్యాధులకు మందుగా నమోదయింది.

మందుగా కీటకం

ఇక ప్రాచీనత మాట. పేగుకూ కీటకానికీ సంబంధించి భారతీయ వైద్యంలో అత్యంత విశిష్టమైన ప్రస్తావన సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో ఉంది. పేగుకు రంధ్రం పడినప్పుడు అంచులను దగ్గరకు చేర్చి, పెద్ద నల్లచీమలచేత కరిపించి, తలలు అక్కడే ఉండేటట్లు మొండేలను తొలగించమని అది నిర్దేశించింది. లక్కపురుగు స్రవించే లక్కకు ఆ సంహితలో లాక్షాది గణమనే వర్గమే ఉంది. చైనాలో హాన్ యుగపు షెన్‌నాంగ్ ఓషధిగ్రంథంలో బొద్దింక చోటుచేసుకుంది. ఇవన్నీ నిజమే. కానీ చీమ ఇక్కడ కుట్టు, రోగనిరోధకతకు మందు కాదు. ఆ యుగాలకు కీమోథెరపీ తెలియదు, కనుక దాని గాయమూ తెలియదు. మరొక సంగతి: చైనా వైద్యంలో వాడుకలో ఉన్న బొబ్బపురుగులలోని కాంథరిడిన్ శ్లేష్మపొరను కాల్చివేసే విషం. సంప్రదాయం అన్న ఒక్క మాటలో రక్షకుడూ భక్షకుడూ పక్కపక్కనే ఉన్నారు.

ప్రాచీన ప్రస్తావనకూ ఆధునిక ఔషధానికీ మధ్య నిజంగా వంతెన వేసిన ఉదాహరణ యున్నాన్ రాష్ట్రంలోని దాలీలో కనిపిస్తుంది. అక్కడి వైద్యకళాశాల పరిశోధకులు 1980లలో అమెరికన్ బొద్దింక సారం నుండి కాంగ్‌ఫుషిన్ అనే ద్రవాన్ని అభివృద్ధి చేశారు. దానిని చైనాలో పుండ్లకు, కాలిన గాయాలకు, జీర్ణాశయపు పుండ్లకు వాడుతున్నారు. సిచువాన్‌లోని షీచాంగ్‌లో ఈ అవసరం కోసం ఏటా 600 కోట్ల బొద్దింకలను పెంచుతున్నారని 2018లో పత్రికలు రాశాయి. 2016లో ప్రచురితమైన ఒక బహుకేంద్ర పరీక్షలో నాసికాగ్రసని కాన్సర్ రోగులు 240 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి ఈ ద్రవాన్ని, మరొకదానికి బోరాక్స్ పుక్కిలింత మందును ఇచ్చారు. మొదటి వర్గంలో నోటిపూత తీవ్రత తక్కువగా ఉందని నివేదించారు. ఎలుకల నుండి మనుషుల దాకా వచ్చిన అరుదైన పరీక్ష ఇది. దీనిని గౌరవించాలి. అయితే రుచి, వాసన వేరైన రెండు ద్రవాలను పోల్చినప్పుడు ఎవరికేది ఇచ్చారో దాచడం కష్టం. పైగా ఇక్కడ ప్రధానంగా కొలిచినది నోరు, పేగు రోగనిరోధకత కాదు.

ఇటువంటి సందేహం అనవసరమనుకునేవారు సెర్రాటియోపెప్టిడేజ్ కథను చదవాలి. మన మందుల దుకాణాలలో వాపుకు విరివిగా దొరికే ఈ ఎంజైమును జపాన్‌లో పట్టుపురుగు పేగులోని ఒక బాక్టీరియా నుండి తీశారు. పట్టుచిలుకగా మారిన పురుగు గూటిని కరిగించుకుని బయటపడడంతో దీనిని ముడిపెట్టే కథ బాగా ప్రచారంలో ఉంది. దశాబ్దాల వాడకం తరువాత, మందులేని మాత్రతో పోల్చి చూస్తే తేడా తేలలేదు. 2011లో జపాన్ సంస్థ టకేడా తన ఉత్పత్తిని స్వచ్ఛందంగా మార్కెట్టు నుండి ఉపసంహరించుకుంది. మన దేశంలో అది నేటికీ అమ్ముడవుతూనే ఉంది.

రక్షణ ఎవరికి?

కీమోథెరపీ నుండి దేహాన్ని కాపాడే తొలి రక్షకపదార్థం కీటకాల నుండి రాలేదు. అది ఫోలిక్ ఆమ్లపు మరో రూపం, ల్యూకోవోరిన్. మెథోట్రెక్సేట్ మూసివేసిన దారిని తప్పించి, కణానికి కావలసిన ఫోలేట్‌ను నేరుగా అందిస్తుంది. అంటే, సుబ్బారావు బృందం తెరచిన ఖాతాలోనే విషమూ విరుగుడూ రెండూ జమపడ్డాయి. అయితే దానిని మందుతోపాటే ఇస్తే ఆరోగ్యకరమైన పేగుతో పాటు కాన్సర్ కణం కూడా బతికి బయటపడుతుంది. అందుకే 1960ల నుండి జెరాసీ మొదలైనవారు పెద్ద మోతాదులో మెథోట్రెక్సేట్ ఇచ్చి, కొన్ని గంటలు ఆగి, ఆ తరువాత ల్యూకోవోరిన్ ఇచ్చే పద్ధతిని నెలకొల్పారు. రక్షకపదార్థం మంచిదా అన్న ప్రశ్నకు ముందు, ఎప్పుడు ఇవ్వాలి, ఎవరిని రక్షిస్తుంది అన్న ప్రశ్నలు వచ్చాయి.

కీటకసారాల పరిశోధనలో ఈ ప్రశ్నలు ఇంకా తగినంతగా వినబడడం లేదు. చాలా ప్రయోగాలలో వాడుతున్నది కణితిలేని ఆరోగ్యవంతమైన ఎలుకలను. కణితే లేనప్పుడు సారం దానిని కూడా కాపాడుతుందా అన్నది తేలే అవకాశమే లేదు. ఈ సమస్య మరింత జటిలమని 2013లో ఫ్రాన్స్‌కు చెందిన వియో, జిట్వోగెల్ బృందం చూపింది. సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చిన ఎలుకలలో పేగుగోడ దాటిన కొన్ని బాక్టీరియాలు శోషరస అవయవాలకు చేరి, కణితిపై పోరాడే టి-కణాలను ఉత్తేజపరిచాయి. యాంటీబయాటిక్స్‌తో ఆ బాక్టీరియాను తొలగిస్తే మందు పనితనం తగ్గింది. మనం హాని అనుకున్న పగులులో కొంత భాగం మందు పనిచేసే దారి కూడా. పేగును పూర్తిగా మూసివేసే సారం రోగికి మేలుచేస్తుందో కీడుచేస్తుందో ముందుగా చెప్పలేం.

సైక్లోఫాస్ఫమైడ్ విషయంలో మరొక మెలిక ఉంది. ఆ మందు శరీరంలోకి ప్రవేశించిన రూపంలో క్రియాశీలం కాదు. కాలేయంలోని ఎంజైములు దానిని మార్చిన తరువాతే అది కణాలను చంపగలుగుతుంది. నోటి ద్వారా ఇచ్చిన ఏ సారమైనా ఆ ఎంజైములను మందగింపజేస్తే ఎలుక పేగు నిక్షేపంగా ఉంటుంది, చూషకాలు ఎత్తుగా ఉంటాయి, ఇమ్యునోగ్లోబ్యులిన్ తగ్గదు. పత్రంలో అది రక్షణగా నమోదవుతుంది. వాస్తవంలో జరిగినది మందు తయారుకాకపోవడం. ఈ రెండింటిని వేరుచేయాలంటే రక్తంలో క్రియాశీల రూపం పరిమాణాన్ని కొలవాలి, కణితి ఉన్న ఎలుకలలో కణితి పరిమాణాన్నీ కొలవాలి. ఆ రెండు అంకెలు లేని పత్రాన్ని చదివి, కీమోథెరపీ పొందుతున్న మనిషికి పురుగుసారపు సీసాను సిఫారసు చేయడం తగదు.